నెల పట్టేనాటికి వాకిలి నిండా పూలు: అక్టోబరులో ఏం నాటాలి?

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గరి ఊరు. ఇంటి ముందు 4 సెంట్ల ఖాళీ జాగా ఉంది, ఇసుక పాలు ఎక్కువున్న నేల. కోడలి పుట్టింటివారు క్రైస్తవులు కావడంతో మా ఇంట్లో క్రిస్మస్, సంక్రాంతి రెండూ చేసుకుంటాం. నెల పట్టినప్పటి నుంచి కనుమ దాకా వాకిట్లో పూలు ఉండాలని ఆశ. నర్సరీ అబ్బాయి పాన్సీలు, పాయిన్‌సెట్టియా, క్రిస్మస్ చెట్టు తీసుకోమంటున్నాడు. నిరుడు గేటు పక్కన వేసిన చామంతి ఏపుగా పెరిగింది కానీ పండగకి ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు. పెరట్లో వేసినవి మాత్రం బాగానే పూశాయి. ఇంట్లో రెండు గేదెలు, మూడేళ్ల మనవడు ఉన్నారు. ఇప్పుడు ఏ మొక్కలు నాటుకోవాలి?
– ఒక మహిళా రైతు, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, ముందు చామంతి సంగతి చూద్దాం. అది తేలితే మిగతా మొక్కలను ఎక్కడ పెట్టాలో కూడా తేలుతుంది. మీరు రాయలేదు గానీ, గేటు దగ్గర వీధి దీపమో, తెల్లవార్లూ వెలిగే బల్బో ఉండి ఉంటుంది. మొక్క ఏపుగా పెరిగిందంటే నేలలోనూ ఎరువులోనూ లోపం లేదు. పెరట్లో పూసిందంటే రకంలోనూ లోపం లేదు. రెండు చోట్లకీ మిగిలిన తేడా రాత్రి వెలుతురే.

చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగే రోజుల్లో మొగ్గ తొడుగుతుంది. మన వైపు జూన్‌లో పగలు 13 గంటల దాకా ఉంటుంది, డిసెంబరు చివరికి 11 గంటలకు దిగుతుంది. సెప్టెంబరు దాటాక రాత్రులు పొడవు కావడాన్ని ఆకులు గుర్తించి, కొనలో ఆకు బదులు మొగ్గను తయారు చేయడం మొదలుపెడతాయి. ఈ లెక్కకి చీకటి ఏకధాటిగా ఉండాలి. మధ్యలో దీపం పడితే ఆ రాత్రి పొడవైనదిగా మొక్కకు తెలియదు, కొమ్మలూ ఆకులూ వేసుకుంటూ పోతుంది. కోలారు, హోసూరు వైపు చామంతి రైతులు ఇదే గుణాన్ని వాడుకుంటారు. పూత వెనక్కి జరగాలనుకున్నప్పుడు పొలంలో వరసగా బల్బులు కట్టి రాత్రిపూట వెలిగిస్తారు. మీ గేటు దగ్గర అదే పని అనుకోకుండా జరిగింది.

కాబట్టి ఈసారి చామంతిని దీపం వెలుగు నేరుగా పడని చోట పెట్టండి. వీధి దీపాన్ని ఆర్పించడం మన చేతిలో లేదు. ఇంటి బల్బు అయితే పడుకునే ముందు ఆపేయండి, లేదా మొక్కల వైపు వెలుగు రాకుండా రేకు ముక్క అడ్డం కట్టండి. మొగ్గల్లో రంగు కనిపించాక ఇక దీపంతో ఇబ్బంది లేదు. డిసెంబరులో క్రిస్మస్‌కి మొక్కల మీద సీరియల్ లైట్లు వేసుకున్నా ఏమీ కాదు. జాగ్రత్త కావాల్సింది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే.

అయితే చామంతి పిలకలు నాటడానికి ఇది అదను కాదు. జూన్, జులైలో నాటి, నాలుగు వారాలకు తల తుంచితే గుబురుగా పెరిగి డిసెంబరుకి నిండుగా పూస్తుంది. ఇప్పుడు పిలక నాటితే జానెడు ఎత్తు ఉండగానే నాలుగు పూలు పూసి ఆగిపోతుంది. ఈ ఏడాదికి నవంబరు చివర్లో కడియం నుంచి వచ్చే సంచి మొక్కలు కొనుక్కోండి. విచ్చుకున్న పూలు చూసి ముచ్చటపడవద్దు, అవి పది పదిహేను రోజుల్లో వాడిపోతాయి. నిండా మొగ్గలుండి, ఒకటి రెండు మాత్రమే విచ్చిన మొక్క తీసుకుంటే సంక్రాంతి దాకా చూసుకోవచ్చు.

మీ తోటకు ప్రధానం బంతి. దీనికి మాత్రం వారం కూడా ఆలస్యం చేయవద్దు. నెల పట్టేది డిసెంబరు 16 ప్రాంతంలో. హైబ్రిడ్ ముద్దబంతి విత్తనం అక్టోబరు మొదటి వారంలో నారు పోస్తే 25 రోజులకు నాటుకు వస్తుంది. నాటిన 45–50 రోజులకు తొలి పూలు కనిపిస్తాయి, అంటే సరిగ్గా నెల పట్టే సమయానికి. పూసా నారంగి, పూసా బసంతి లాంటివి మంచి రకాలే కానీ విత్తినప్పటి నుంచి నాలుగు నెలలకు పైగా తీసుకుంటాయి. ఇప్పుడు వేస్తే సంక్రాంతి కూడా దాటిపోతుంది. దుకాణంలో ప్యాకెట్ కొనేటప్పుడు రంగు కన్నా ముందు ఎన్ని రోజులకు పూస్తుందో చదివించుకోండి.

నారంతా ఒకేసారి పోయవద్దు. సగం ఇప్పుడు, సగం పది పన్నెండు రోజులు ఆగి పోయండి. మొదటి విడత క్రిస్మస్‌కి, రెండోది భోగికి అందుతుంది. నాటాక రెండు మూడు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువవుతాయి కానీ పూత కొన్ని రోజులు వెనక్కి పోతుంది. అందుకే తొలి విడత మొక్కలను తుంచకుండా వదిలేయండి, రెండో విడతలో సగం మొక్కలకు తుంచి చూడండి. మొక్కకీ మొక్కకీ అడుగున్నర దూరం ఉంటే గాలి ఆడుతుంది.

మీ తీరంలో అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాలు, తుపాన్ల టెన్షన్ ఎలాగూ ఉంటుంది. ఇసుక నేలలో నీరు త్వరగా ఇంకుతుందన్న ధీమాతో చదును నేల మీద నారు పోయవద్దు. అరడుగు ఎత్తు మడి కట్టి, దాని మీద పోసి, వాన వస్తే కప్పడానికి ఒక పట్టా దగ్గర పెట్టుకోండి. నారు మొదళ్లు మెత్తబడి పడిపోతుంటే అది నారుకుళ్లు తెగులు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మడికి చదరపు మీటరుకు మూడు నాలుగు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు చాలు. గేదెలున్న ఇంట్లో దానికి కొరత ఉండదు. యూరియా మాత్రం చేతికి వచ్చినంత చల్లవద్దు, ఆకులు నల్లగా నిగనిగలాడతాయి, పూలు ఉండవు.

గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పువ్వు ఉండాల్సిందే కదా. మీ ఉత్తరంలో గుమ్మడి ఊసే లేదు, బహుశా దాన్ని కూరగాయల లెక్కలో వేసుకుని ఉంటారు. ప్రహరీ మూలన రెండు పాదులు చేసి, ఒకదాంట్లో అక్టోబరు చివర, ఇంకోదాంట్లో నవంబరు మధ్యలో గింజలు పెట్టండి. నలభై రోజుల చుట్టూ మొదటి పూలు వస్తాయి. మొదట వచ్చేవన్నీ మగపూలే. వాటి కాడ సన్నగా పొడవుగా ఉంటుంది, ఆడ పువ్వు కింద మాత్రం చిన్న గుమ్మడి పిందె కనిపిస్తుంది. మగపూలు ఆడపూల కంటే చాలా ఎక్కువ వస్తాయి కాబట్టి వాటిని గొబ్బెమ్మలకు కోసుకున్నా కాయలకు నష్టం ఉండదు. రోజూ కొన్నింటిని తీగ మీద వదిలేస్తే తేనెటీగలకు పని ఉంటుంది. ఈ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, గొబ్బెమ్మలు పెట్టే వేళకు సరిగ్గా సరిపోతుంది.

మంచు పడటం మొదలయ్యాక గుమ్మడి ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు వస్తుంది. ఒకటి రెండు ఆకులైతే తెంపేయండి. కొందరు గంధకం పొడి చల్లుతారు. తీగ జాతి పంటలకు గంధకం వాడకూడదు, ఆకులు మాడిపోతాయి. అదే గంధకం బంతిలో ఎర్రనల్లికి బాగా పనిచేస్తుంది, నీటిలో కరిగేది లీటరుకు 3 గ్రాములు చాలు. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి గాలి లేని వేళ చూసుకుని బంతి మీదే పడేలా కొట్టండి. మీ పూలు దేవుడికీ, తలలోకీ, పిల్లవాడి చేతికీ వెళ్తాయి కనుక పేనుబంక లాంటి వాటికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టడంతో సరిపెట్టండి.

నర్సరీ అబ్బాయి చెప్పిన మూడింటిలో పాన్సీలు వద్దు. అవి చలి దేశాల మొక్కలు. లంబసింగి, అరకు వైపు అయితే సరే. మీ తీరంలో డిసెంబరు రాత్రులు కూడా 18–20 డిగ్రీల దగ్గరే ఉంటాయి, పాన్సీ తెచ్చిన వారానికే సాగిపోయి పూలు చిన్నవైపోతాయి. ఆ డబ్బు పెటునియా, డయాంతస్, ఎర్ర సాల్వియా మీద పెట్టండి. వీటినీ నారు కొనుక్కోవడమే మేలు, నవంబరు మూడో వారంలో పెద్ద వానలు తగ్గాక నాటండి. పెటునియా పువ్వుకు ఒక్క జడివాన చాలు, ముద్దయిపోతుంది. జినియా, కాస్మాస్ మాత్రం విత్తనం నేరుగా మడిలో చల్లుకోవచ్చు, రెండు నెలల లోపే పూస్తాయి. కోడిజుట్టు పువ్వు ఇప్పుడు వేస్తే పొట్టిగా ఉండగానే పూస్తుంది, అందుకే దాన్ని దారి అంచున ముందు వరసలో వేయండి.

పాయిన్‌సెట్టియా తీసుకోవచ్చు. మెక్సికో నుంచి వచ్చిన మొక్క ఇది. ఎర్రగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. అసలు పూలు మధ్యలో పసుపు బొడిపెల్లా ఉంటాయి. చామంతి లాగే దీనికీ పొడవాటి చీకటి రాత్రులు కావాలి, కాబట్టి నేలలో నాటేదైతే వీధి దీపం వెలుగుకి దూరంగా పెట్టండి. క్రిస్మస్ ముందు కుండీలో ఎర్రబడ్డ మొక్కే తెస్తే ఆ ఏడాదికి ఈ బాధ లేదు. కుండీలో మూరెడే ఉంటుంది కదా అని మోసపోవద్దు. ఎత్తు పెరగకుండా మందు ఇచ్చి పెంచుతారు, నేలలో నాటాక మనిషిని మించి ఎదుగుతుంది. కొమ్మ విరిగితే కారే పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి. తింటే ప్రాణం పోతుందన్న భయం అవసరం లేదు గానీ నోరు, కడుపు బాధ పెడతాయి. మనవడికి అందని చోట ఉంచండి.

నిజంగా భయపడాల్సింది గన్నేరుకి. ఎవరైనా కంచె వెంట గన్నేరు, పచ్చ గన్నేరు వేయమంటే ఒప్పుకోకండి. పూలు పూజకు బాగుంటాయి, కానీ ఆకు, కొమ్మ, గింజ అన్నీ విషమే. కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండినా విషం పోదు. గేదెలు ఎండుగడ్డితో పాటు ఆ ఆకులు నమిలినా ప్రమాదమే. పచ్చ గన్నేరు కాయ చిన్న పిల్లల చేతికి ఆటవస్తువులా దొరుకుతుంది. ఇప్పటికే ఉంటే తీయించి, కొమ్మలు పశువులకు అందకుండా పాతిపెట్టండి.

క్రిస్మస్ చెట్టు అని మన నర్సరీల్లో అమ్మేది అరౌకారియా. పసిఫిక్ దీవులది కావడంతో ఉప్పు గాలిని తట్టుకుంటుంది, మీ ఊరికి పనికొస్తుంది. గోడ పక్కన, కరెంటు తీగల కింద నేలలో మాత్రం నాటవద్దు, తాటిచెట్టు ఎత్తును మించగల చెట్టు అది. పెద్ద కుండీలో పెంచండి, మొవ్వ తుంచవద్దు. మొవ్వ పోతే ఆ అంతస్తుల ఆకారం మళ్లీ రాదు. అంత ధర ఎందుకనుకుంటే ఒక సరుగుడు మొక్కను కుండీలో పెట్టి, అంచులు కత్తిరిస్తూ కోన్ ఆకారానికి తెచ్చుకోండి. మీ వైపు సరుగుడు తోటలకు కొదవలేదు, మొక్క చౌకగా దొరుకుతుంది. నక్షత్రం కట్టడానికి నాకైతే అదే బాగుంటుందనిపిస్తుంది.

గులాబీలుంటే అక్టోబరు మూడో వారంలో కత్తిరింపులు చేయండి, ఏడెనిమిది వారాల్లో కొత్త కొమ్మల మీద పూత వస్తుంది. డిసెంబరాలు ఇప్పటికే ఎవరింట్లోనైనా ఉంటే అడిగి సంచి మొక్క తెచ్చుకోండి. ఊదా రంగు పూలతో పండగ నెలంతా పూస్తాయి, నీళ్లు తప్ప ఏమీ అడగవు.

కనుమ అయ్యాక బంతి మొక్కలను పీకి పారేయకుండా ముక్కలు చేసి అదే మడిలో కలియదున్నితే, తర్వాత వేసే వంగ, టమాటాలకు వేళ్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగుల ఉద్ధృతి తగ్గుతుంది. చామంతిని కూడా పారేయవద్దు. పూలు అయిపోగానే నేల నుంచి జానెడు వదిలి కోసేస్తే మొదట్లో పిలకలు వస్తాయి. వాటిని వేసవి అంతా పల్చటి నీడలో, తడి ఆరకుండా కాపాడి, జూన్‌లో వానలు పడగానే విడదీసి, గేటుకు దూరంగా పెరటి వైపు నాటుకోండి.