డిస్క్ ఇమేజ్ తీసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

స్వాధీనం చేసుకున్న హార్డ్ డిస్కులకు ఇమేజ్ (డిస్కులోని ప్రతి బైటుకూ యథాతథ నకలు) తీసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పని నిక్కచ్చిగా చేయవచ్చు, కానీ అలవాటైన కమాండ్లను గుడ్డిగా నమ్మకూడదు.

డిస్కును ఎప్పుడూ రైట్ బ్లాకర్ (డిస్కు మీద ఏమీ రాయనివ్వని పరికరం) ద్వారానే తగిలించు. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే, అంటే చదవడానికి మాత్రమే తెరిస్తే, చాలదా అని అడుగుతావేమో. సరిగా షట్‌డౌన్ చేయని కంప్యూటర్‌లోని ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ వ్యవస్థ) డిస్కును అలా మౌంట్ చేసినా, లినక్స్ దాని మార్పుల చిట్టా అయిన జర్నల్‌ను సరిచేయబోయి డిస్కు మీద రాసేస్తుంది.

ఇక డిస్కును కాపీ చేసే డీడీ కమాండ్ సంగతి. చదవలేని సెక్టారు (డిస్కులోని చిన్న ముక్క) తగిలితే అది అక్కడే ఆగిపోతుంది కాబట్టి చాలామంది ‘నోఎర్రర్, సింక్’ అని (తప్పు వచ్చినా ఆగవద్దని, కొరత పడిన చోట సున్నాలు నింపమని) జోడించి, వేగం కోసం బ్లాక్ సైజు (ఒక్కోసారి చదివే మొత్తం) ఒక మెగాబైటు (10,48,576 బైట్లు) పెడతారు. నేనూ అలాగే చేసి ఒకసారి దెబ్బతిన్నాను. ఆ 500 జీబీ డిస్కులో 97,67,73,168 సెక్టార్లు, అంటే 5,00,10,78,62,016 బైట్లు ఉన్నాయి. దాన్ని మెగాబైట్లుగా విడగొడితే చివర 24,576 బైట్లే మిగులుతాయి. ‘సింక్’ ఆ ఆఖరి బ్లాకును సున్నాలతో నింపడంతో ఇమేజ్ 10,24,000 బైట్లు పెరిగింది. డిస్కు బాగానే ఉన్నా హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి విలువ) కలవలేదు, కారణం పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. పాడైన సెక్టారు ఉంటే నష్టం ఇంకా ఎక్కువ: 512 బైట్లు చదవలేకపోయినందుకు దాని చుట్టూ ఉన్న మంచి డేటా కూడా సున్నాలుగా మారవచ్చు.

అందుకని ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు గైమేజర్ గానీ డీసీ3డీడీ గానీ వాడు. ఇవి ఇమేజ్ తీస్తూనే హ్యాష్ లెక్కిస్తాయి. మొరాయించే డిస్కుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ మేలు. అది ముందు బాగున్న భాగాన్ని తీసుకుని, తర్వాత చెడిన చోట్లకు తిరిగి వస్తుంది. ఏ భాగం చదవలేకపోయిందో మ్యాప్ ఫైల్‌లో రాసి పెడుతుంది. ఆ ఫైల్‌ను ఇమేజ్‌తో పాటే భద్రపరచాలి. హ్యాష్ మాత్రం అది లెక్కించదు, పూర్తయిన ఇమేజ్‌కు నువ్వే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీయాలి. ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డిస్కు) తీరు వేరు: కరెంటు అందితే చాలు, చెరిపేసిన బ్లాకులను అది తనంతట తానే శుభ్రం చేసుకోవచ్చు, కాబట్టి రెండోసారి తీసిన హ్యాష్ మారినా కంగారు పడకుండా సమయంతో సహా నమోదు చెయ్యి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ, దాన్ని లెక్కించిన పద్ధతి రాయాలి. ఆ అంకెలను చేత్తో ఎక్కించకుండా లాగ్ నుంచే కాపీ చేసుకో.

ముందుగా ఏదైనా పాత డిస్కుకు ఇమేజ్ తీసి, డిస్కు, ఇమేజ్ రెండింటి బైట్ల సంఖ్యలూ నాకు రాసి పంపు.

మీ మామయ్య