అబోటాబాద్ దాడిపై అనుమానాలు ఎందుకు పోలేదు?

2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అమెరికా కమాండోలు ఒసామా బిన్ లాదెన్‌ను చంపిన తీరుపై ప్రభుత్వ కథనాన్ని చాలామంది ఎందుకు నమ్మలేదన్నది మీ ప్రశ్న. ఆ వారం నాంపల్లిలోని ఒక ఇరానీ హోటల్లో, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఒక పెద్దాయన రెండు రోజుల పత్రికలను పక్కపక్కన పరిచి వార్తలను పోల్చి చూడటం నాకింకా గుర్తుంది. అసలు కారణం ఆ రెండు పత్రికల మధ్యనే ఉంది. బిన్ లాదెన్ కాల్పుల్లో పాల్గొన్నాడని, ఒక మహిళను అడ్డుపెట్టుకున్నాడని మొదట చెప్పిన శ్వేతసౌధం, మర్నాడే అతని దగ్గర ఆయుధం లేదని, అతని భార్యే సైనికుడి మీదికి దూసుకొచ్చిందని సవరించుకుంది. హడావిడిలో పొరపాట్లు దొర్లడం సహజమే. అయితే మృతదేహాన్ని విమాన వాహక నౌక మీది నుంచి సముద్రంలో ఖననం చేయడం, ఫోటోలు విడుదల చేయబోమని ఒబామా ప్రకటించడం వల్ల జనం తమంతట తాము సరిచూసుకునే దారి మూసుకుపోయింది.

అంతమాత్రాన మరణమే అబద్ధమనడం తప్పని నా అభిప్రాయం. డీఎన్ఏ పరీక్షల సంగతి అలా ఉంచినా, మే 6న అల్‌ఖైదాయే దాన్ని ధ్రువీకరించింది. అబోటాబాద్‌లోనే ఉన్న పాకిస్తాన్ సైనిక అకాడమీకి అంత దగ్గరలో అతడు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఎలా ఉండగలిగాడన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే.