ప్రయాణానికి మౌసు కొనే ముందు

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వారం వారం బెంగళూరు బస్సు, చేతిలో ల్యాప్‌టాప్, టచ్‌ప్యాడ్ మీద ఎక్సెల్ పని చేసి చేసి వేళ్లు లాగేస్తున్నాయన్నావు. మౌసు కొనుక్కో, మంచిదే. కానీ గాంధీ రోడ్డుకు పోయే ముందు నీ ల్యాప్‌టాప్ రెండు పక్కలా ఒకసారి చూడు. పెద్ద యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉండి, అందులో ఎప్పుడూ పెన్‌డ్రైవ్ పెట్టేవాడివైతే డాంగిల్ అనే చిన్న రిసీవరు ముక్కను పోర్టులో పెట్టి నడిపే వైర్‌లెస్ మౌసుతో ఇబ్బంది పడతావు. సన్నటి టైప్-సీ పోర్టులే ఉంటే డాంగిల్‌కు ఇంకో అడాప్టరు మోయాలి. అలాంటప్పుడు పోర్టుతో పనిలేని బ్లూటూత్‌దే నయం. అది కాసేపు కదపకపోతే నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి ఒకటి రెండు సెకన్లు తీసుకుంటుంది. కంగారు పడొద్దు. డాంగిల్, బ్లూటూత్ రెండూ ఉండి అడుగున మీటతో మార్చుకునే మౌసులు దొరుకుతాయి. కొంచెం ఎక్కువ పెట్టైనా అదే తీసుకో.

డాంగిల్ వాడేటప్పుడు తెర మీద బాణం ఆగి ఆగి ఎగురుతుంటే మౌసు పోయిందనుకుంటారు చాలామంది. పక్క పోర్టులో హార్డ్‌డిస్క్ తగిలించి ఉందేమో చూడు. యూఎస్‌బీ 3.0 పరికరం డేటా పంపేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ కూడా పడుతుంది. డాంగిల్ వినేదీ అక్కడే. దాన్ని ల్యాప్‌టాప్ రెండో పక్కకు మార్చు, లేదా జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి దూరం జరుపు. ఎగరడం ఆగిపోతుంది.

లాడ్జి గదుల్లో బల్లలకు గాజు పలక వేసి ఉంటుంది. మౌసు అడుగున ఉన్న చిన్న కెమెరా కింది గరుకును ఫొటోలు తీస్తూ కదలికను లెక్క కడుతుంది. గాజులో దానికి ఏ గుర్తూ కనిపించదు, నున్నటి గ్రానైట్ మీదా తడబడుతుంది. లాజిటెక్ వాళ్ల డార్క్‌ఫీల్డ్ సెన్సర్ ఉన్నవి కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు మీద కూడా నడుస్తాయి గానీ ఖరీదు. ఒక ఏ4 కాగితం పరుచుకుంటే మామూలు మౌసూ చక్కగా నడుస్తుంది.

డబ్బా మీద 4000 డీపీఐ అని రాసి ఉంటే మురిసిపోకు. 1000 డీపీఐ అంటే మౌసు అంగుళం కదిలితే బాణం సుమారు 1000 పిక్సెళ్లు పోతుంది. నీ తెర అడ్డంగా 1920 పిక్సెళ్లనుకో, రెండంగుళాలు కదిపితే ఈ చివర నుంచి ఆ చివరకు చేరుతుంది. రైల్లో సీటు ముందుండే చిన్న పలకకు 1600 పెట్టుకో, అంగుళంపావు చాలు.

జేబులో పట్టేటంత పల్చటివి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, గంట వాడితే మణికట్టు నొప్పి. పది సెంటీమీటర్ల పొడవు, మూడున్నర ఎత్తు ఉంటే అరచేతికి ఆనుతుంది. పైన మెత్తటి రబ్బరు పూత ఉన్నది వద్దు. మన ఎండకూ చెమటకూ రెండేళ్లలో జిగురు జిగురుగా తయారవుతుంది. సాదా ప్లాస్టిక్ తీసుకో. బస్సులో పక్కవాళ్లు పడుకుని ఉంటారు కాబట్టి క్లిక్ చప్పుడు రానిది చూడు.

బ్యాటరీ సంగతికొస్తే, ఒక్క డబుల్-ఏ సెల్‌తో నడిచేది మేలు. బస్టాండు అంగట్లో కూడా దొరుకుతుంది. నెలల తరబడి వాడకపోతే సెల్ తీసెయ్, కారితే లోపలి రేకులు తినేస్తుంది.

షాపులోనే డబ్బా విప్పించి, ఒక ఫైలును పట్టుకుని తెర ఈ మూల నుంచి ఆ మూలకు లాగు. మధ్యలో జారిపోతే స్విచ్ బాగాలేదు. చక్రం మెల్లగా కిందికి తిప్పు. పేజీ ఒక్కసారైనా పైకి ఎగిరితే ఆ ముక్క వద్దను.

అడుగున డాంగిల్ దాచుకునే అర, ఆన్-ఆఫ్ స్విచ్ రెండూ తప్పకుండా ఉండాలి. కొండకు పోయినప్పుడు బ్యాగు లాకర్లో పెట్టే ముందు స్విచ్ ఆపి, డాంగిల్ ఆ అరలోనే పెట్టు. ప్యాంటు జేబులో మరిచిపోతే క్యూలో తనిఖీ దగ్గర చిక్కు, ఎలక్ట్రానిక్ వస్తువులు లోపలికి రానివ్వరు. పైగా చవక మౌసులకు డాంగిల్ విడిగా దొరకదు. అది పోతే మౌసూ పోయినట్టే.

మామయ్య