విశ్రాంతి దినం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. విశ్రాంతి దినం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. ఆదికాండం నుంచి హెబ్రీ పత్రిక దాకా వచనాలన్నీ పోగుచేశావు. కానీ చివరిదాకా చదివినా అలసిపోయిన మనిషి ఒక్కడూ నాకు అందులో కనిపించలేదు. అలసట ఊసే లేకుండా విశ్రాంతి గురించి రాస్తే ఎవరి మనసుకు ఎక్కుతుంది?

ముందు పది ఆజ్ఞల్లో, వారంలో ఏడో రోజు పని ఆపమని చెప్పే నాలుగో ఆజ్ఞ (కాథలిక్కులు, లూథరన్లు దీన్ని మూడోదిగా లెక్కపెడతారు, ఆ సంగతి కూడా ఒక ముక్క రాయి) రెండు చోట్లా తెరిచి పక్కపక్కన పెట్టుకో. నిర్గమకాండం 20లో కారణం సృష్టి. దేవుడు ఆరు దినాల్లో సమస్తం చేసి ఏడో దినాన విశ్రమించాడు కాబట్టి మీరూ విశ్రమించండి అని. ద్వితీయోపదేశకాండం 5లో మోషే అదే ఆజ్ఞను మళ్లీ చెబుతూ వేరే కారణం ఇస్తాడు. నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, నీ దేవుడు నిన్ను అక్కడినుంచి బయటికి తెచ్చాడు, అది మరిచిపోకు అంటాడు. నువ్వు మొదటి కారణం పట్టుకుని రెండోదాన్ని వదిలేశావు. చాలా ప్రసంగాల్లోనూ ఇదే జరుగుతుంది.

ఆ రెండో కారణం దగ్గరే నువ్వు ఎక్కువసేపు ఉండాలి. ఐగుప్తులో ఇటుకలు చేసే ఇశ్రాయేలు జనం, మా దేవుణ్ణి ఆరాధించుకోవడానికి వెళ్లనివ్వమని అడిగితే అక్కడి రాజు ఫరో ఏమన్నాడు? సోమరులు కాబట్టే అలా మొరపెడుతున్నారన్నాడు. ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. అలాంటి చోటు నుంచి వచ్చినవాళ్లకి దేవుడు ఇచ్చిన రోజు ఇది. ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి, అందరూ ఉన్నారు. నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి అని విడమరిచి చెప్పాడు. యజమాని, దాసి వారంలో ఒక రోజు ఒకే తీరుగా కూర్చుంటారు. ఈ దినం ఉద్దేశం నాకు అన్నిటికంటే స్పష్టంగా అక్కడే కనబడుతుంది. నీ వ్యాసం కూడా అక్కడినుంచే మొదలైతే బాగుంటుంది.

అరణ్యంలో ఆ జనానికి దేవుడు కురిపించిన ఆహారం, ఆ మన్నా సంగతి నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అది తగదు. నిర్గమకాండం 16 మళ్లీ చదువు. సీనాయి దగ్గర ఆజ్ఞలు ఇవ్వకముందు మాట అది. రోజూ తలకి ఒక ఓమెరు (అప్పటి కొలత), ఆరో రోజు రెండు. మిగతా రోజుల్లో తెల్లవారేదాకా దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టేది. ఆరో రోజు దాచినది మాత్రం చెడిపోలేదు. అయినా కొందరు ఏడో రోజు పొద్దున ఏరుకోవడానికి వెళ్లారు. వెళ్తే ఏమీ లేదు. ఇంట్లో తిండి ఉంది, పాడవలేదు కూడా, అయినా కాళ్లు ఆగలేదు. రేపేమవుతుందో అన్న టెన్షన్ వాళ్లని బయటికి లాక్కెళ్లింది. నీ పాఠకుడు తనని తాను గుర్తుపట్టేది ఆ మనుషుల్లోనే. పనులన్నీ పూర్తయ్యాక విశ్రమించమని దేవుడు చెప్పలేదు. వారం తిరిగేసరికి ఆగమన్నాడు. మిగిలిపోయిన పనిని ఒక రోజు ఆయన చేతుల్లో వదిలేయగలగడం, అదే అక్కడ విశ్వాసం.

యేసు కాలంలో నియమాలు గట్టిగా పాటించిన యూదు వర్గం, పరిసయ్యుల గురించి రాసినచోట చాలా కటువుగా ఉన్నావు. వాళ్లు ఈ దినాన్ని కాపాడుకోవడానికి ఎంత ఖరీదు చెల్లించారో కూడా చెప్పు. గుడి పోయి, చెరలో పరాయి దేశంలో ఉన్నప్పుడు యూదు జనాన్ని జనంగా నిలిపిన గుర్తుల్లో ఇదొకటి. ప్రాణం పోయే పరిస్థితిలో విశ్రాంతి దిన నియమం పక్కన పెట్టవచ్చని యూదు బోధకులే చెప్పారు. యేసు కూడా తన వాడుక ప్రకారం ఆ రోజున సమాజమందిరానికి వెళ్లేవాడని లూకా 4లో ఉంది. గొడవ ఈ దినాన్ని ఆచరించాలా వద్దా అన్నదాని మీద కాదు.

గొడవ ఏమిటో లూకా 13లో ఉంది. నడుము వంగిపోయి, ఎంతమాత్రం నిటారుగా నిలబడలేని స్త్రీ. 18 ఏళ్లుగా అంతే. యేసు ఆమెను పిలిచి, చేతులుంచగానే నిటారుగా నిలబడింది. మందిరపు అధికారికి కోపం వచ్చింది. కానీ యేసుతో నేరుగా అనలేదు, జనం వైపు తిరిగి, పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి స్వస్థత పొందండి అన్నాడు. అతని వాదనలో న్యాయం లేదని తోసిపుచ్చకు. 18 ఏళ్లు ఆగిన మనిషి ఇంకొక్క రోజు ఆగితే ప్రాణం పోదు కదా! అది ఒప్పుకున్నాకే యేసు జవాబు బలం తెలుస్తుంది. మీ ఎద్దునీ గాడిదనీ ఈ రోజున కట్టు విప్పి నీళ్లకి తోలుకెళ్లరా, మరి అబ్రాహాము కూతురైన ఈమె కట్లు ఈ రోజున విప్పకూడదా అన్నాడు. విడుదలకి అన్నిటికంటే తగిన రోజు ఇదే అని అర్థం. ద్వితీయోపదేశకాండంలో మోషే చెప్పిన కారణం ఇక్కడ మళ్లీ వినిపించడం లేదూ? విశ్రాంతి దినం మనుషుల కోసమే అని మార్కు 2లో ఆయన అన్న మాటను ఈ సంఘటన తర్వాత పెట్టు. ముందే పెడితే నినాదంలా ఉంటుంది.

శనివారమా ఆదివారమా అన్న చర్చకి నువ్వు సగం వ్యాసం ఇచ్చావు. అంత అవసరం లేదు, కానీ రాసినంతవరకు సరిగ్గా ఉండాలి. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ విశ్రాంతి దినాన్ని ఆదివారానికి మార్చాడని రాశావు. క్రీ.శ. 321లో అతను చేసింది న్యాయస్థానాలకీ పట్టణాల్లోని పనులకీ ఆదివారం సెలవు ప్రకటించడం. పొలం పనికి మినహాయింపు కూడా ఇచ్చాడు. అంతకు ముందే, రెండో శతాబ్దం మధ్యలో, తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్, క్రైస్తవులు ఆదివారం కూడుకోవడం గురించి రాశాడు. ప్రభువు తిరిగి లేచిన రోజు కాబట్టి అది వాళ్లకి పండుగ. సెలవు మాత్రం కాదు. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా గవర్నర్ ప్లినీ తన చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకునేవారని ఉంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లు శనివారమే పాటిస్తారు, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం రెండు రోజుల్నీ గౌరవిస్తుంది. ఎవరి వాదన వారిది, ఎవరిదీ వెక్కిరించేలా రాయకు. రోమా 14లో, ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు అంటాడు పౌలు. ఆయనకంటే గట్టిగా తీర్పు చెప్పే హక్కు మనకెక్కడిది?

ఆ చర్చకి ఇచ్చిన చోటుని ఈనాటి ఇళ్లకి ఇవ్వు. ఆరాధన ముగిసి అందరూ నడుం వాల్చాక వంటింట్లో నిలబడి ఉన్నదెవరు? ఆజ్ఞలోని వరసలో భార్య విడిగా లేదు. యజమానితో పాటే ఆమె కూడా అని చాలామంది వ్యాఖ్యాతలు చదువుతారు. మరి మన ఇళ్లలో అలా ఉందా అని సూటిగా అడుగు. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సుని మాత్రం నేరస్తురాలిగా నిలబెట్టకు. దేవాలయంలో యాజకులు ఆ దినాన పనిచేసినా నిర్దోషులని మత్తయి 12లో యేసే అన్నాడు. వాళ్లకి ఇంకొక రోజు దొరకాలి, సంఘం అది పట్టించుకోవాలి. పాస్టర్‌కి కూడా.

చివరిగా స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ కథ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని తప్పుకున్నాడు, 400 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. నిజమే. కానీ నువ్వు రాసిన తీరు చూస్తే, ఆదివారం పాటించినందుకు దేవుడు పతకం చేతిలో పెట్టాడన్నట్టుంది. తప్పుకున్న రోజున గెలుస్తానని అతనికి తెలియదు. ఆరాధన కోసం సెలవు అడిగి ఉద్యోగమే పోగొట్టుకున్నవాళ్లు నీ పాఠకుల్లో ఉంటారు. వాళ్లు చదివితే ఏమనుకుంటారో ఆలోచించి ఆ పేరా మార్చు. పతకం దగ్గర కాకుండా, అతను వద్దని చెప్పిన దగ్గరే ఆపినా చాలు.

హెబ్రీ 4లోని నిత్య విశ్రాంతి గురించి ఇందులో ఇరికించకు. దానికి వేరే వ్యాసం కావాలి. ఇది తిరగరాసి పంపు, పెద్దదైనా సరే చదువుతాను.

ప్రేమతో,
నీ అన్న