మంచం పక్కన పేపర్ కప్పు ఒలికిపోకుండా తీగతో హోల్డర్ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కొనాల్సిన పని లేదు. మీ అమ్మగారు తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటున్నారని, కఫం ఉమ్మడానికి డిస్పోజబుల్ పేపర్ కప్పు ఇస్తున్నారని, స్టూలు మీద పెడితే చెయ్యి తగిలి ఒలికిపోతోందని రాశారు. మా నాన్నకి బ్రాంకియెక్టాసిస్ ఉండేది. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు సాగిపోయి, కఫం బయటికి రాకుండా వాటిలోనే నిలవ ఉండిపోయే జబ్బు అది. పొద్దున లేవగానే చాలా పడేది. ఆయన్ని చూసుకున్నన్నాళ్లూ ఇంట్లో చేసిన తీగ హోల్డరే వాడాం. అందుకే కొలతలతో సహా చెప్పగలను.

కప్పు ఒలకడానికి స్టూలు ఒక్కటే కారణం కాదు, ఒకసారి అమ్మగారి చేతిని గమనించండి. నీరసంగా ఉన్న మనిషి పేపర్ కప్పుని పట్టుకునేటప్పుడు జారిపోతుందేమోనని గట్టిగా నొక్కుతారు. దగ్గు తెర వచ్చినప్పుడు ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. కప్పు గోడ లోపలికి నొక్కుకుపోయి గుండ్రటి మూతి కాస్తా కోలగా అవుతుంది, లోపలున్నది అంచు దాకా పొంగుతుంది. మా నాన్న దుప్పటి మీద పడిన మరకల్లో చాలా వరకు ఇలా పడినవే. అందుకని కప్పు నిలబడడానికి ఒక చోటు చూపిస్తే సరిపోదు. కప్పుని ముట్టుకోకుండా ఎత్తి నోటి దగ్గరికి తెచ్చుకునే పిడి కావాలి. మంచానికి తగిలించే కొక్కెమే ఆ పిడి కూడా అయ్యేలా చేస్తే పని సులువు. ఆవిడ హోల్డర్‌తో సహా తీసుకుని, ఉమ్మి, మళ్లీ తగిలిస్తారు. మీరు కప్పు ఒక్కటే మారుస్తారు.

తీగ విషయానికొస్తే 12 గేజ్ జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ, సరిగ్గా సరిపోతుంది. మందం దాదాపు 2.6 మిల్లీమీటర్లు ఉంటుంది. 10 గేజ్ 3 మిల్లీమీటర్లు దాటుతుంది, చిన్న వంపులు చేత్తో తిరగవు. 16 గేజ్ అయితే కప్పు బరువుకే ఊగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ తుప్పు పట్టదు, నిజమే. కానీ స్ప్రింగులా ఎగురుతుంది, అలవాటు లేనివాళ్లకి రింగు తిప్పడం కష్టం. ఒక మీటరు ముక్క తీసుకోండి. నిజానికి ఎనభై సెంటీమీటర్లే పడుతుంది, మిగతాది పట్టుకుని వంచడానికి. కటింగ్ ప్లయరూ, కొసలు నునుపు చేయడానికి ఆకురాయీ, రింగు చుట్టడానికి ఒక గుండ్రటి సీసా ఉంటే చాలు.

తీగ కోయకముందే మీరు వాడే కప్పుని కొలవండి. కప్పులన్నీ ఒకటి కాదు. 200 మిల్లీలీటర్లదైతే మూతి వెడల్పు సుమారు 78 మిల్లీమీటర్లు, అడుగు 55, ఎత్తు 90 అనుకుందాం. కప్పు కిందికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి రింగు ఎంత చిన్నదైతే కప్పు అంత పైన ఆగుతుంది. అంచు రింగుకి మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. అప్పుడే మీ వేళ్లు అంచుకి తగలకుండా కప్పు నడుముని పట్టుకోవచ్చు. ఈ కొలతల కప్పుకి మూడు సెంటీమీటర్ల కింద వెడల్పు 70 మిల్లీమీటర్లు వస్తుంది. అదే మీ రింగు లోపలి కొలత, చుట్టు దాదాపు 22 సెంటీమీటర్లు. లెక్కలు వద్దనుకుంటే కప్పు చుట్టూ ఆ ఎత్తులో ఒక దారం చుట్టి కొలిచేయండి.

ఇప్పుడు వంచడం. తీగని సరిగ్గా మధ్యలో యు ఆకారంలో మడవండి. రెండు కాళ్ల మధ్య మూడున్నర సెంటీమీటర్లు ఎడం ఉండాలి. ఈ మడత ఉన్న వైపే కొక్కెం అవుతుంది, కాబట్టి తీగ కొస ఆవిడ చేతికి ఎక్కడా తగలదు. మడత నుంచి మూడు సెంటీమీటర్ల దగ్గర రెండు తీగల్నీ కలిపి మంచం రెయిలింగు పైపు మీద పెట్టి వంచండి. పైపు మీదే వంచితే దాని మందానికి తగ్గ కొక్కెం దానంతటదే వస్తుంది. వెనక దిగే భాగాన్ని మూడు సెంటీమీటర్లకి మించి ఉంచకండి. అది పొడుగైతే హోల్డర్ తీయడానికి చెయ్యి అంత పైకి ఎత్తాలి, ఎత్తలేని చేతికి అదే పెద్ద శ్రమ. ముందు వైపు ఎనిమిది సెంటీమీటర్లు తిన్నగా దింపండి, పట్టుకునే చోటు ఇది. ఈ దశలోనే రెండు తీగల్లోకీ సన్నటి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు ఎక్కించేయండి. ఒట్టి తీగ పెద్దవాళ్ల వేళ్లకి గుచ్చుకుంటుంది, గొట్టం ఉంటే పట్టు నిండుగా ఉంటుంది, పైగా కడుక్కోవచ్చు. రింగు అయ్యాక గొట్టం ఎక్కదు.

తర్వాత కుడి తీగని కొక్కెం ఉన్న వైపుకి కాకుండా ముందుకి వంచి సీసా చుట్టూ తిప్పండి. సీసా రింగు కొలత కంటే అయిదారు మిల్లీమీటర్లు సన్నగా ఉండాలి, ఎందుకంటే వదిలేయగానే తీగ కొంచెం విచ్చుకుంటుంది. తిరిగొచ్చిన కొసని ఎడమ తీగకి రెండు చుట్లు బిగించి, ప్లయర్‌తో నొక్కేసి, ఆకురాయి పట్టండి. ఇక మిగిలింది ఎడమ తీగ. దాన్ని రింగు నుంచి ఆరు సెంటీమీటర్లు కిందికి దింపి, ముందుకి అయిదు, పక్కకి మూడు, మళ్లీ వెనక్కి అయిదు వంచి, దాని కొసని దానికే చుట్టేయండి. కప్పు అడుగున నాలుకలాంటి ఆధారం వస్తుంది.

అది ఎందుకంటే, తడి తగిలి గంటలు గడిస్తే పేపర్ కప్పు మెత్తబడుతుంది. రింగు ఒక్కటే ఉంటే మెల్లిగా కిందికి జారుతుంది, ఒక్కోసారి పూర్తిగా దిగిపోతుంది. అడుగున ఆధారం ఉంటే ఆ భయం లేదు. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి కప్పు మార్చేటప్పుడు కింది నుంచి వేలితో పైకి నెట్టవచ్చు. గ్లవుజు వేసుకున్న చేత్తో అలా నెట్టి నడుము పట్టుకుని తీస్తే అంచుకి చెయ్యి తగలదు. బుట్టలా చుట్టూ తీగ అల్లితే అందంగా ఉంటుంది కానీ ఈ వీలు పోతుంది. పైగా ప్రతి సందులోనూ ఒలికింది చేరి ఎండిపోతుంది, కడగడం నరకం.

కొత్తగా చేసినవాళ్లకి ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది: తగిలించగానే కప్పు ముందుకి వాలిపోతుంది. బరువంతా ముందుకి ఉంటుంది కాబట్టి హోల్డర్ పైపు చుట్టూ తిరగాలని చూస్తుంది. కొక్కేన్ని ఎంత బిగించినా ఇది ఆగదు. కింద ఎక్కడో ఒక చోట తీగ ఆనాలి. కిందికి దింపిన ఆ ఎడమ తీగ మంచం పక్క పలకకో, రెండో అడ్డ పైపుకో, నిలువు ఊచకో ఆనేలా చోటు చూసి తగిలించండి. ఆనాక ఇంకా వాలుగా ఉంటే రింగుని చేత్తో కొంచెం పైకి వంచితే సరి. ఖాళీ కప్పుతో కాకుండా సగం నీళ్లు పోసిన కప్పుతో చూడండి.

ఏ వైపు తగిలించాలన్నది కూడా ఆలోచించండి. బలంగా ఉన్న చెయ్యి వైపు, మోచెయ్యి దుప్పటి మీద ఆనించి అందుకునేంత దగ్గరలో ఉండాలి. భుజం దాటి వెనక్కి చాచాల్సి వస్తే దగ్గు మధ్యలో అందదు. ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంటే అది ఆ వైపు నుంచి రాకుండా చూసుకోండి, కొక్కేనికి చిక్కుకుని ముక్కు దగ్గర లాగుతుంది. మనిషికి మతిస్థిమితం సరిగ్గా లేక మంచంలో చేతులు ఆడిస్తూ ఉంటే మాత్రం దగ్గరలో తీగ వస్తువేదీ ఉంచొద్దు.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. తాగే నీళ్లకి అదే రకం పేపర్ కప్పు వాడకండి. అర్ధరాత్రి మసక వెలుతురులో, నిద్ర కళ్లతో, రెండు కప్పులూ ఒకేలా కనిపిస్తాయి. మా ఇంట్లో నీళ్లు, మాత్రలు స్టీలు గ్లాసులోనే, మంచానికి అవతలి వైపే. కఫం కప్పు ఎప్పుడూ హోల్డర్‌లోనే. చోటు మారకపోతే చెయ్యి దానంతటదే సరైన దగ్గరికి వెళ్తుంది.

ఇంకో చిన్న పని డాక్టరుకి బాగా ఉపయోగపడుతుంది. కొత్త కప్పులో యాభై మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి పోసి, ఆ మట్టం దగ్గర బయట పెన్నుతో గీత పెట్టండి. ఆ కప్పుని పక్కన పెట్టుకుని మిగతా కప్పులకీ అదే ఎత్తులో గీత గీసుకోండి. రోజుకి ఎంత పడుతోందని అడిగినప్పుడు "చాలా పడుతోంది" అనడం కంటే "గీత దాకా వస్తోంది" అని చెప్పగలగడం వేరు. రంగు కూడా చూడండి. తెల్లగా ఉండేది పసుపు, ఆకుపచ్చకి తిరిగినా, వాసన మారినా, ఉన్నట్టుండి ఎక్కువైనా వెంటనే ఫోన్ చేయండి. నెత్తురు కనిపిస్తే ఫోటో తీసి చూపించండి, ఎక్కువగా పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపల తెల్లగా ఉండే కప్పు కొనమనేది ఇందుకే. రంగు కప్పులో ఇవేవీ తెలియవు.

ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. క్షయ క్రిములే జబ్బుకి కారణమని రాబర్ట్ కోచ్ 1882లో చూపించాక, రోగి ఉమ్మిని ఎక్కడపడితే అక్కడ వదలకూడదన్న పట్టింపు పెరిగింది. జర్మనీలో పీటర్ డెట్‌వైలర్ అనే డాక్టరు 1889లో ఉమ్మడానికి జేబులో పెట్టుకునే నీలం గాజు సీసా తెచ్చారు. శానటోరియంలలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రుల్లో, లోహపు హోల్డర్‌లో మడత పేపర్ కప్పు పెట్టి, కప్పుని తీసి కాల్చేసి, హోల్డర్‌ని మాత్రం ఉంచుకునేవారు. మనం చేస్తున్నదీ అదే పద్ధతి. అయితే కాల్చడం మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, మైనం లేదా ప్లాస్టిక్ పూత ఉన్న తడి కప్పు సరిగ్గా కాలదు, పొగ రోగి ఊపిరికే ఎసరు.

అమ్మగారిది ఏ జబ్బో మీరు రాయలేదు. ఒకవేళ టీబీ అయితే కప్పుతోనే అంతా అయిపోయిందని ధీమాగా ఉండొద్దు. అది ముఖ్యంగా దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే సన్నటి తుంపర్ల ద్వారా వ్యాపిస్తుంది. కిటికీలు తెరిచి ఉంచడం, మాస్కు, మందులు మానకుండా వేయడం, ఇవే అసలు రక్షణ. కప్పు పారేసే పద్ధతి కూడా మీకు వైద్యం చేస్తున్నవాళ్లు చెప్పినట్టే చేయండి. మామూలు కఫానికి మేం చేసింది ఇది: కప్పు అడుగున ఒక టిష్యూ మడిచి వేయడం, సగం నిండకముందే మార్చడం, మధ్యలో మూత పెట్టి ఉంచడం, తీశాక మూతతో సహా కవర్లో వేసి ముడి కట్టి దాన్ని ఇంకో కవర్లో వేయడం, ఆపైన సబ్బుతో చేతులు కడుక్కోవడం. అడుగున టిష్యూ ఉంటే కప్పు ఒరిగినా లోపలిది అంత త్వరగా పారదు. ఎంత పడిందో కొలవాలనుకున్న రోజు మాత్రం టిష్యూ వేయకండి, తడి పీల్చేస్తుంది, గీత లెక్క తప్పుతుంది.

హోల్డర్‌ని రోజూ సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి ఆరబెట్టండి. ముఖ్యంగా కొసలు చుట్టిన రెండు చోట్లా బ్రష్ బాగా వెళ్లాలి. బ్లీచింగ్ ద్రావణం వాడాల్సి వస్తే చెప్పినంత సేపు మాత్రమే ఉంచి మంచినీళ్లతో కడిగేయండి, లేకపోతే జింకు పూత పోయి తుప్పు మొదలవుతుంది. తుప్పు గరుకు చేతికి తగిలేంతగా వచ్చాక ఆ తీగ పారేయడమే మంచిది. అందుకే ఒకేసారి రెండు చేసుకోండి, ఒకటి ఆరుతుంటే ఇంకోటి మంచానికి ఉంటుంది. కప్పుల కంపెనీ మార్చారంటే మాత్రం రింగు మళ్లీ కొలవాల్సిందే. పేరుకి ఒకే మిల్లీలీటర్లున్నా మూతి వెడల్పు తేడా ఉంటుంది.