కళ్లకు కట్టినట్టు గుర్తున్నదీ తప్పు కావచ్చా?

మీరూ మరొకరూ ఒకే ప్రమాదం చూసి చెరో రకంగా చెబుతున్నారని, మీకైతే కళ్లకు కట్టినట్టు గుర్తుందని రాశారు. అంత స్పష్టంగా గుర్తున్నంత మాత్రాన అలాగే జరిగిందని కాదు. అవతలి మనిషి అబద్ధమాడుతున్నట్టూ కాదు.

1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. మర్నాడు పొద్దున్నే మనస్తత్వవేత్త ఉల్రిక్ నైసర్ అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ విద్యార్థులతో ఆ కబురు ఎక్కడ విన్నారో, పక్కన ఎవరున్నారో, అప్పుడేం చేస్తున్నారో రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. 11 మంది జవాబులు పాత కాగితంతో ఏమాత్రం కలవలేదు. పూర్తిగా కలిసినవి మూడే. క్లాసులో విన్న అమ్మాయి హాస్టల్లో టీవీలో చూశానంది. అసలు గమనించాల్సింది తర్వాతి ఘట్టం: తమ చేతిరాతే చూపించినా వాళ్లకు మొదటి జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఎందుకంటే మెదడులో సంఘటన మొత్తం ఒకేచోట దాగి ఉండదు. చూసింది, విన్నది మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో వేర్వేరు చోట్ల ఉంటాయి, వాటిని కలిపేది మెదడు లోపలి భాగమైన హిప్పోక్యాంపస్. తలచుకున్న ప్రతిసారీ ఆ ముక్కలు కొత్తగా అతుకుతాయి. ఖాళీల్లో తర్వాత విన్న మాటలు చేరిపోతాయి. భయపడినప్పుడు అమిగ్డాలా అనే మెదడు భాగం వల్ల ముఖ్యమైన విషయం బలంగా నాటుకుంటుంది, చుట్టుపక్కల వివరాలకు ఆ బలం ఉండదు.

నన్ను మరీ బాధపెట్టేది ప్రశ్నలు అడిగే తీరు. 1974లో లాఫ్టస్, పామర్ అనే పరిశోధకులు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. ‘ఢీకొట్టి నుజ్జయినప్పుడు’ అనే అర్థం వచ్చే మాట వాడితే సగటు జవాబు గంటకు 40.8 మైళ్లు, ‘తాకినప్పుడు’ అంటే 31.8. ఒక్క క్రియ మార్చితేనే ఇంత తేడా! ఇక సాక్షిని ‘ఎర్రచొక్కా అతనేగా?’ అని అడిగితే, తర్వాత ఆ సాక్షి జ్ఞాపకంలో ఎర్రచొక్కాయే కనిపించవచ్చు.

అందుకే ఇకముందు ఏదైనా జరిగితే ఎవరితోనూ మాట్లాడకముందే, అదే రోజు, ఎవరికి వాళ్లు విడిగా రాసుకోండి. తేదీ, సమయం వేయండి. చూసింది ఒక పక్క, విన్నది ఇంకో పక్క రాయండి. తెలియని చోట ఊహించకుండా ‘తెలియదు’ అనే రాయండి. ఎదుటివాళ్లను ‘ఏం జరిగింది?’ అని మాత్రమే అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఇప్పటి మీ తగవులో మాత్రం, మీరిద్దరూ దాని గురించి ఇప్పటికే చాలాసార్లు మాట్లాడుకుని ఉంటే ఏ జ్ఞాపకం ఎవరిదో విడదీయడం కుదరదు. ఆ రోజు తీసిన ఫొటోలు గానీ, పంపిన మెసేజ్‌లు గానీ ఉన్నాయేమో వెతకండి.