అల్లుడూ, ఆ లోగోతో ముందు రబ్బర్ స్టాంప్ చేయించు

అల్లుడూ, నువ్వు వాట్సాప్‌లో పంపిన లోగో చూసినా, చిత్తూరులో మామిడి తాండ్ర అంగడికి అన్నావు కదా. ఫోన్లో చూసేదానికి బాగానే ఉండాది. కానీ కొండ, గోపురం, మామిడికాయ, ఆకు, చుట్టూ రిబ్బను, పైన నామం, ఇన్ని పెట్టేస్తే చూసేవాడు దేన్ని గుర్తుపెట్టుకోవాలరా?

నేను ముప్పై ఏళ్ళు తిరుపతిలో బ్రష్షు పట్టుకుని బోర్డులు రాసినోడినే, నేనూ ఇదే తప్పు చేసినా. ఒక స్వీట్ల అంగడికి ఏడు రంగుల్లో లడ్డూల బుట్ట, దాని మీద నెమలి వేసిచ్చినా, పదడుగుల బోర్డు మీద చూసి అందరూ శభాష్ అన్నారు, తర్వాత ఆయన బిల్లుల మీద కొట్టేదానికి అదే బొమ్మతో స్టాంప్ చేయించుకుంటే నలిపేసిన బొద్దింక మాదిరి వచ్చింది. ఆయన ఏమీ అనలా, ఆ బిల్లు నా చేతిలో పెట్టి గమ్మునుండిపోయినాడు. తిట్టినా బాగుండు.

అందుకే రంగులు తర్వాత, ముందు ఒక్క నలుపుతో గీయి, బొటనవేలి గోరంత చేసి చూడు. స్టేట్ బ్యాంక్ గుర్తు లేదా, 1971లో ఎన్‌ఐడీ అనే డిజైన్ కాలేజీ శేఖర్ కామత్ గీసింది, ఒక గుండ్రం, మధ్యలో చిన్న సున్న, కిందికి ఒక కోత, అంతే. దాంట్లో బ్యాంకు బిల్డింగూ లేదు, రూపాయి కట్టలూ లేవు.

ఇంకోటి, గుర్తు నోటితో చెప్పేదానికి రావాల. 1951-52లో మొదటి ఎలక్షన్లప్పుడు చదువు రానోళ్ళే జాస్తి, ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించినారు. జోడెద్దుల పెట్టె అంటే ముసలమ్మకి కూడా తెలిసిపోయేది. నీ లోగోని మా అక్క పక్కింటామెకి ఏమని చెప్తాది? "ఆ కొండ, గోపురం, ఆకు..." అనేలోపల బస్సు వెళ్ళిపోతాది. కొరికిన మామిడికాయ ఒక్కటి పెట్టు, చాలు.

నామం మాత్రం తీసేయ్. తాండ్ర తినేసి కవరు రోడ్డు మీద పారేస్తారు, దాన్ని తొక్కుకుంటా పోతారు, మన ఊర్లో ఎవరైనా ఊరుకుంటారా. అది వైష్ణవుల్లో వడగలై వాళ్ళ నామమా, తెంగలై వాళ్ళ నామమా అని ఇంకో తగువు. 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలో కూడా మతం సెంటిమెంటు దెబ్బతినే గుర్తులకి రిజిస్ట్రేషన్ ఇవ్వరు.

అక్షరాలు కూడా చూసుకో, కంప్యూటర్లో ఆ సన్నం ఫాంటు అందంగానే ఉంటాది. "ఫల" అని పెట్టినావు కదా, చిన్న సైజులో ఆ కింద గీత ఎగిరిపోతే "పల" అయిపోతాది, సున్నలు ఇంకుతో పూడిపోతాయి. కొంచెం లావుగా, లోపల ఖాళీ వదిలి రాయి.

మార్చినాక స్క్రీన్‌షాట్ వద్దు. స్టాంప్ చేయించి తాండ్ర కవరు మీద కొట్టి ఫోటో పెట్టు. ఆదివారం చిత్తూరు వస్తా ఉండా, అక్కకి చెప్పు.